నాలుగు వేళ్లు కుడికి

రిటైరయ్యానని చెబితే ఎవరూ నమ్మరు. బస్సులో పెద్దవాళ్ల సీట్లో కూర్చుంటే కండక్టరు లేపేస్తాడు. నా వయసు నలభై ఒకటి. ఇరవై ఏళ్లు పోలీసు ఆర్మరీలో తుపాకులు బాగుచేశాక నా కుడి చెవిలో ఒక కీచురాయి కాపురం పెట్టింది. ఎప్పుడూ ఒకటే రాగం. దవాఖానలో డాక్టరు "ఇక తుపాకీ చప్పుడు వినొద్దు" అన్నాడు. పక్కనే ఉన్న మా ఆవిడ "నా మాట గూడ ఇంటలేడు సారూ, గది గూడ రాయుండ్రి" అంది. ఆయన అది రాయలేదు. నేను స్వచ్ఛంద విరమణ కాగితం రాశాను.

ఆర్మరీలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "అన్నా, ఈ పనిల అసలు నేర్చుకునేది ఏంది?" అని అడుగుతుంటారు. చాయ్ తాగే వ్యవధిలో చెప్పలేక ఇది రాస్తున్నాను. ఏ జిల్లా అని మాత్రం రాయను. నార్కట్‌పల్లి చౌరస్తాలో బస్సు మారితే చేరుకోవచ్చు. అక్కడ బస్సు మారితే ఎక్కడికైనా చేరుకోవచ్చు కాబట్టి నా రహస్యం భద్రం.

అసలు పని

ఆర్మరర్ అంటే తుపాకులకు మెకానిక్. సినిమాల్లో తుపాకీ బయటికి తీస్తే సంగీతం వస్తుంది. మా దగ్గర తుమ్ము వస్తుంది. పెట్టె తెరవడం, నూనె పూయడం, తుడవడం, మళ్లీ పెట్టెలో పెట్టడం. ఇరవై ఏళ్లలో నేను చూసిన అతి పెద్ద పోరాటం చెదపురుగులతో. గెలిచింది అవే.

తెలంగాణ వచ్చాక జిల్లాలు చీలినప్పుడు తుపాకులను కూడా అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టే పంచుకున్నాం. మంచివన్నీ పక్క జిల్లాకు పోయాయని ప్రతి జిల్లావాళ్లూ ఇప్పటికీ అంటారు. అందరూ అంటున్నారంటే పంపకం న్యాయంగానే జరిగినట్టు. మా వాటాకు ఆరు అరల చిన్న రివాల్వర్లు కొన్ని వచ్చాయి. అరచేతిలో ఇమిడిపోయే రకం. పిస్తోలు పిడి లావుగా ఉందనుకునేవాళ్లు వీటిని అడిగి తీసుకునేవారు. తీసుకున్న నెలకు తిరిగొచ్చి ఒకే మాట చెప్పేవారు: "ఇది పెట్టిన గురికి తగుల్తలేదు."

నా ఉద్యోగమంతా ఆ ఒక్క ఫిర్యాదుకు జవాబు వెతకడమే. కాబట్టి ముందు లెక్క చెబుతాను. గొట్టం కొసన చిన్న రేకు నిలబడి ఉంటుంది. దాన్ని మేం ఫోర్‌సైట్ అంటాం. వెనక కంటి దగ్గర ఒక గాడి ఉంటుంది. గాడి మధ్యలో రేకు నిలబడాలి, రేకు కొసన గురి కూర్చోవాలి. రైఫిల్‌లో ఈ రెంటికీ మధ్య మూరకు మించి దూరం. చిన్న రివాల్వర్‌లో జానెడు కూడా లేదు. అందుకే గాడిలో రేకు వెంట్రుకవాసి పక్కకు జరిగితే, పదిహేను గజాల దూరంలో గుండు నాలుగు వేళ్లు పక్కకు పోతుంది. చిన్న వస్తువు తప్పులను పెద్దవి చేసి చూపిస్తుంది. ఈ విషయంలో అది మా ఆఫీసర్ల కంటే తక్కువేం కాదు.

ముందు మనిషి, తర్వాత తుపాకీ

నాకు పని నేర్పింది ఖాజా మియా. ఆర్మరీలో హెడ్ కానిస్టేబుల్. వాళ్ల నాయిన గడియారాలు బాగుచేసేవాడు. ఈయన తుపాకీ పట్టుకున్నా చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, టిక్ టిక్ అంటుందేమోనన్నట్టు. అందరికీ ఆయన చాచా.

చాచా మొదటి సూత్రం: ఎవరు ఖాళీ చేసి ఇచ్చానని చెప్పినా చక్రం తెరిచి ఆరు అరలూ కళ్లతో చూడాలి, వేలు పెట్టి తడమాలి. "మనిషిని నమ్ము బేటా. అర్రను నమ్మకు" అనేవాడు. రెండో సూత్రం: మరలు, చక్రం, గొట్టం చూసేలోపు కాల్చిన మనిషిని చూడాలి.

ఒకసారి దట్టమైన మీసాలున్న ఇన్‌స్పెక్టర్ ఒకాయన రివాల్వర్ తెచ్చి బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. "గొట్టం వంకరున్నది. అన్నీ కిందికి, ఎడమకు పోతున్నయ్." చాచా తూటాల పెట్టె చంకన పెట్టుకుని లేచాడు. కాల్పుల రేంజికి వెళ్లాక ఆయనకు కనపడకుండా మూడు అరల్లో తూటాలు, మూడింట్లో కాల్చేసిన ఉత్త గుల్లలు కలిపి పెట్టి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ గారు గురిపెట్టి నొక్కారు. దడేల్. మళ్లీ నొక్కారు. ఈసారి ఉత్త గుల్ల, టిక్కుమంది. చప్పుడు లేదు, వెనక్కి తన్ను లేదు. అయినా గొట్టం కిందికి, ఎడమకు వంగి నేలకు దండం పెట్టింది.

"సార్, తుపాకి పేలకముందే మీ చెయ్యి పేలుతున్నది" అన్నాడు చాచా.

ఆ మీసాలు ఆ రోజు కాస్త కిందికి చూశాయి. కానీ మనిషి మంచివాడు, నెల రోజులు ఉత్త గుల్లలతో సాధన చేసి బాగుపడ్డాడు. దీంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. కుడిచేతి వాటం మనిషి చెయ్యి బెదిరితే గుండ్లు సాధారణంగా కిందికి, ఎడమకు పోతాయి. పైగా చెల్లాచెదురుగా పోతాయి. భయానికి క్రమశిక్షణ ఉండదు. ఇది నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనదాన్ని అవసరమైన రోజున మరిచిపోవడం ఎలాగో తర్వాత చెబుతాను.

ఆకురాయి

నా మొదటి ఘనకార్యం ఇది. ఒక రివాల్వర్ కిందికి కొడుతోందని వచ్చింది. చాచా సెలవులో ఉన్నాడు. పుస్తకంలో ఉన్నదే నాకు తెలుసు: ఫోర్‌సైట్ రేకు పొడవు తగ్గిస్తే గుండు పైకి పోతుంది. ఆకురాయి తీసి గీకాను. కొట్టి చూశాను, సరిగ్గా మధ్యలో. నా అంతటి వాడు లేడనుకుని ఆ పూట రెండు చాయ్‌లు తాగాను.

చాచా వచ్చి అడిగింది ఒక్కటే. "ఏ పెట్టెల తూటాలు?"

తూటాలు కొత్త పెట్టెవి. బరువు తక్కువ రకం. చిన్న రివాల్వర్‌లో తేలిక గుండు త్వరగా గొట్టం దాటుతుంది, తన్నుకు గొట్టం పైకి లేచేలోపే వెళ్లిపోతుంది, అందుకే కిందికి తగులుతుంది. తుపాకీలో తప్పేం లేదు. పాత పెట్టె తూటాలు మళ్లీ వచ్చాక ఆ రివాల్వర్ మనిషి బొమ్మ ఛాతీకి గురిపెడితే టోపీ ఎగరగొట్టేది.

"గీకుడు ఒక నిమిషం పని బేటా" అన్నాడు చాచా. "గీకింది మల్ల అతికిచ్చుడు నీ తాత తరంగాదు."

అంతే. తిట్టలేదు. తిడితే ఆ రోజుతో పోయేది. ఆ తర్వాత నేను చాలాకాలం ఏ తుపాకీలోనూ తప్పు వెతకడానికి భయపడ్డాను. ఏది తెచ్చినా "తుపాకి మంచిగనే ఉన్నది" అనేవాడిని. ఒక తప్పు నుంచి పాఠం నేర్చుకోవాలంటారు. నేను ఇంకో తప్పు నేర్చుకున్నాను.

మెరుపు

మా ఆర్.ఐ. సారు, అంటే ఆర్మరీకి పెద్ద అయిన రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, చెడ్డవాడు కాదు. మెరిసే వస్తువులంటే ఆయనకు ప్రాణం, అంతే. బూట్లలో మన ముఖం కనపడాలి. బెల్టు బకిల్‌లో మన ఆత్మ కనపడాలి. ఏడాదికోసారి పైనుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తారు. ఆ వారం మా పోలీసు లైన్‌లో చెట్ల మొదళ్లకు సున్నం పడేది. చెట్టు పక్కన ఎవరైనా నిలబడితే వాళ్ల కాళ్లకూ పడేది.

"నర్సింహా, ఈసారి తుపాకులు గూడ మెరవాలె" అన్నాడు సారు.

మెరిపించాను. రైఫిళ్లకు, పిస్తోళ్లకు నూనె గుడ్డ పెట్టాను. చిన్న రివాల్వర్లు ముద్దుగా ఉంటాయి కదా, వాటి మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాను. బకిళ్లకు వాడే పాలిష్ ముద్ద తీసుకుని కొసన ఉన్న రేకులను ఒక్కొక్కటిగా రుద్దాను. నల్లపూత పోయి వెండి ముక్కుపుడకల్లా తయారయ్యాయి. పెద్ద అధికారి ఒకటి చేతిలోకి తీసుకుని "బాగుంది" అన్నారు. ఒక్క మాట. ఆర్.ఐ. సారు ఆ మాటను వారం రోజులు వాడుకున్నాడు.

నెల తర్వాత వార్షిక ఫైరింగ్ పరీక్ష వచ్చింది. మా రేంజి గురించి చెప్పాలి. ఉత్తరంగా చూస్తూ నిలబడి కాలుస్తాం, ఎదురుగా గుట్ట గుండ్లను మింగుతుంది. తూర్పున ఇంకో పెద్ద గుట్ట ఉంది. దాని వల్ల ఉదయం తొమ్మిది దాకా కాల్చే చోట ఎండే పడదు, చల్లగా నీడ. సాయంత్రం నాలుగింటికి మాత్రం పడమటి ఎండ ఎడమ చెంప మీద కొడుతుంది.

లైన్‌లో ఉండేవాళ్లు ఉదయమే కాల్చేసి టిఫినుకు పోతారు. స్టేషన్ల నుంచి వచ్చేవాళ్లు కోర్టు, బందోబస్తు, దారిలో ఒక యాక్సిడెంటు చూసుకుని సాయంత్రానికి చేరతారు. అలా చేరినవాళ్లలో ఎస్తేరు మేడం ఒకరు. కొత్త ఎస్.ఐ., ముప్పై లోపు వయసు. చెయ్యి చిన్నదని చిన్న రివాల్వరే అడిగి తీసుకుంది. వాళ్ల బాపు దేవదానం నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో హమాలి. మొయ్యడానికి సొంత చెలక పంట లేక ఊళ్లో అందరి పంటా మోసిన మనిషి. బిడ్డ నడుముకు రివాల్వర్ వచ్చిన రోజు నుంచి మార్కెట్లో ఆయన దించే ప్రతి బస్తాతో పాటు ఆ సంగతి కూడా దించేవాడట.

ఆమె ఆరు గుండ్లు కొట్టింది. ఒక్కటీ బొమ్మ ఛాతీ మీది వలయంలో లేదు. ఆరూ మధ్యకు నాలుగు వేళ్లు కుడికి.

"మేడం, పక్క బొమ్మ మీద ఏమన్న పగ ఉన్నదా?" అన్నాడు ఆర్.ఐ. సారు. అందరూ నవ్వారు. నేను కొంచెం ఎక్కువ నవ్వాను, జోకు సారుది కాబట్టి.

వారం తర్వాత మళ్లీ అవకాశం ఇచ్చారు. మళ్లీ సాయంత్రం. మళ్లీ నాలుగు వేళ్లు కుడికి. ఆ రోజు చిన్న రివాల్వర్ పట్టినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లవీ కుడికే పోయాయి, అంచున తగిలి గట్టెక్కారు. ఒకాయన "గాలి" అన్నాడు. ఒకాయన "కొత్త కండ్లద్దాలు" అన్నాడు. ఇద్దరినీ నమ్మాం. ఎస్తేరు మేడం "తుపాకి ఒకసారి చూడుండ్రి" అంది. ఆమెను నమ్మలేదు. మా శాఖలో మగవాడి గుండు తప్పితే వాతావరణం, ఆడమనిషి గుండు తప్పితే ఆడమనిషి.

మూడోసారి కూడా తప్పితే ఆయుధం వెనక్కి తీసుకుని, స్టేషన్ నుంచి జిల్లా ఆఫీసులో రికార్డుల గదికి పంపుతామన్నారు.

తుపాకీ పరీక్షించే పని నాకు పడింది. మర్నాడు పొద్దున ఏడింటికి వెళ్లి కొట్టాను. ఆరూ నట్టనడుమ. ఒక్క వాక్యం రాసిచ్చాను: ఆయుధంలో లోపం లేదు. ఆ వాక్యానికి అర్థం చేతిలో లోపం ఉందని. అది నేను రాయలేదు, రాసే అవసరం లేకుండా రాశాను.

"ఎన్నింటికి కొట్టినవ్?"

రెండు రోజులకు ఆమె ఆర్మరీకి వచ్చింది. కోపంగా వస్తుందనుకుని నేను ముందే బిగుసుకుపోయి ఒక రైఫిల్ చాటున నిలబడ్డాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నర్సన్నా, తుపాకి నువ్వే కొట్టి చూసినవా?"

"చూసిన మేడం. మంచిగనే ఉన్నది."

"ఎన్నింటికి కొట్టినవ్?"

"ఎన్నింటికేంది మేడం? పొద్దుగాల ఏడింటికి."

"యాడ నిలవడ్డవ్?"

"రేంజిలనే. ఇంకేడ నిలవడ్త?"

"ఏడింటికి పొద్దు ఎటుదిక్కు ఉన్నది? నీ మీద ఎండ వడ్డదా?"

నాకు నవ్వొచ్చింది. "మేడం, సూర్యుడు గూడ నిందితుడేనా?"

"నవ్వకు. నేను యాక్సిడెంట్ కేసు రాసేటప్పుడు ఎవ్వల్నైనా మొదలు గివే అడుగుత. ఎన్నింటికి జూసినవ్, యాడ నిలవడ్డవ్, ఎలుగు ఎటున్నది. గవి తెలవకుంటె సాక్షి ఏం జూసిండో ఏమెరుక? నువ్వు ఏడింటికి కొట్టినవ్. నేను నాలుగింటికి కొట్టిన. రెండూ ఒక్కటెట్లైతయ్?"

మూలలో చక్రం తుడుస్తున్న చాచా చెయ్యి ఆగింది. నా వైపు చూశాడు. "ఆరు గుండ్లు చెదిరినయా, గుంపుగ వడ్డయా?"

"గుంపుగనే వడ్డయి చాచా" అన్నాను. అంటూండగానే ఆమె కొట్టిన బొమ్మ కళ్లముందుకొచ్చింది. గుంపు అరచేతి కింద దాక్కునేంత చిన్నది. కిందికి పోలేదు, ఎడమకు పోలేదు. సరైన ఎత్తులో, అన్నీ ఒక్క చోట, కుడికి. బెదిరిన చెయ్యి అలా కొట్టదు. అంత చక్కగా తప్పాలంటే చాలా మంచి చెయ్యి కావాలి.

"మేడం, మీ చెయ్యి బంగారం" అన్నాడు చాచా. "మావోని బుర్రనే ఇనుము."

అదే రోజు నాలుగింటికి ముగ్గురం రేంజికి వెళ్లాం. అదే రివాల్వర్‌తో నేను కాల్చాను. ఇన్నేళ్ల అనుభవం, గట్టి చెయ్యి, ఆరు గుండ్లు. నాలుగు వేళ్లు కుడికి.

"ఏం నర్సన్నా, పక్క బొమ్మ మీద పగనా?" అంది ఆమె.

చాచా చక్రం తెరిచి, ఆరు అరలూ తడిమి, ఖాళీ రివాల్వర్ నా చేతిలో పెట్టాడు. "కొట్టకు. ఉత్తగ గురిపెట్టి జూడు. కండ్లు ఏం జూస్తున్నయో చెప్పు."

చూశాను. ఎడమ నుంచి వచ్చే ఎండ రేకు ఎడమ అంచు మీద పడి దీపంలా మెరుస్తోంది. రేకు మిగతా భాగం మసక. కన్ను మెరిసే అంచునే మొత్తం రేకు అనుకుంటోంది. ఆ అంచును గాడి మధ్యలో నిలబెడుతోంది. అంటే అసలు రేకు వెంట్రుకవాసి కుడికి జరిగిందన్నమాట. జానెడు లేని రివాల్వర్‌లో వెంట్రుకవాసి అంటే ఎంతో పైన రాశాను. పొద్దున నీడలో మెరుపే లేదు కాబట్టి నా ఆరూ నడుమన పడ్డాయి.

ఆ మెరుపు ఎక్కడిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పాలిష్ వాసన నా వేళ్లకు ఇంకా వదలలేదు.

రేంజి పక్కన హోంగార్డు ఒకాయన కట్టెల పొయ్యి మీద చాయ్ పెడుతున్నాడు. గిన్నె దించమని, అడుగున వేలితో రుద్దాను. రేకు మీద నూనె పొడిగా తుడిచి, ఆ మసి అద్దాను. నూనె మీద మసి పూస్తే అదీ మెరుస్తుంది, అందుకే పొడిగా తుడవాలి. రేకు బొగ్గులా నల్లబడింది. మెరుపు చచ్చింది. ఆమె ఒక్క గుండు కొట్టింది. నట్టనడుమ.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయిపాయె మేడం! మూడోసారి వచ్చినప్పుడు నేనే మసి పూసి ఇస్త. ఎవ్వలికి తెల్వది. మీరు పాసైతరు."

ఆమె రివాల్వర్ బల్ల మీద పెట్టింది. "పాసైత. కని మొదటి రెండుసార్లు నా చెయ్యి తప్పిందనే ఉంటది గదా. ఏదో మూడోసారి కాలం కలిసొచ్చింది అంటరు. రేపు ఇంకోసారి గిట్లనే ఎండ వడ్తది, ఇంకొకలు తప్పుతరు, వాళ్లను గూడ నవ్వుతరు." టోపీ సవరించుకుంటూ అంది, "బాపుకు నేను ఇంకా చెప్పలే. తుపాకి గుంజుకుంటరంట అని చెప్పాల్నా, చెప్పొద్దా నర్సన్నా?"

నేను చాచా వైపు చూశాను. చాచా గుట్ట వైపు చూశాడు. ఈ విషయంలో గుట్ట వల్ల ఏ సాయమూ లేదు.

ఆర్.ఐ. సారు గురి

మర్నాడు ఆర్.ఐ. సారు గదిలో నిలబడ్డాను. పెద్ద ప్రసంగం తయారుచేసుకున్నాను. బయటికొచ్చింది ఇంతే: "సార్, ఎస్తేరు మేడం చెయ్యి మంచిగున్నది. తుపాకి ఖరాబు జేసింది నేను."

"నువ్వా? ఎట్ల?"

చెప్పాను. పాలిష్ దగ్గర నుంచి చాయ్ గిన్నె దాకా.

సారు ముఖం గంభీరమైంది. "మెరవాలె అన్నది ఎవరు? నేను. అంటే తప్పు నాదంటవా?"

"లేదు సార్. మీరు మెరవాలె అన్నరు. నేను జర ఎక్కువ మెరిపిచ్చిన."

ఆయన చాలాసేపు బకిల్ సవరించుకున్నాడు. తర్వాత సొరుగులోంచి తన రివాల్వర్ తీశాడు. అది ఆయనది కాబట్టి తనిఖీకి ముందు నేను రెండుసార్లు రుద్దాను. "నా చెయ్యి సంగతి నీకు తెల్సు. ఎండా గిండా నా దగ్గర నడవది. నాలుగింటికి రా."

నాలుగింటికి కాల్చాడు. ఆరు గుండ్లు. నాలుగు వేళ్లు కాదు, అయిదు. రెండుసార్లు రుద్దిన ఫలితం.

సారు బొమ్మను చూశాడు. చేతిని చూశాడు. తల తిప్పి పడమటి సూర్యుణ్ణి చూశాడు. ఎక్కడో ఒక పిట్ట కూసింది, లేదా అది నా కుడి చెవి కావచ్చు.

"ఇగ ఈయనకైతె మెమో ఇయ్యలేం" అన్నాడు సారు, సూర్యుణ్ణి చూపించి. "నీకు ఇస్త."

ఇచ్చాడు. న్యాయమే. అంతకన్నా ముందు నేను ఇంకో వాక్యం రాసిచ్చాను: మొదటి రెండు పరీక్షల్లో గురి తప్పడానికి కారణం ఆయుధం మీద నేను పెట్టిన మెరుపు. ఇరవై ఏళ్లలో నేను రాసిన వాక్యాల్లో నాకు నచ్చింది అదొక్కటే. సారు దాని కింద సంతకం పెట్టాడు. పెడుతూ, "మేడంకు మూడోది పొద్దుగాల పెడ్దామా? నీడ ఉంటది" అన్నాడు.

ఆమెను అడిగాం. "వద్దు సార్. నాలుగింటికే. గదే ఎండల" అంది.

అదే ఎండలో, అందరి ముందు, రేకుకు చాయ్ గిన్నె మసి అద్దుకుని కొట్టింది. ఆరూ నడుమన. గుంపు మీద ఆర్.ఐ. సారు అరచెయ్యి పెట్టాడు, ఒక్క రంధ్రం కూడా బయటికి కనపడలేదు. ఈసారి ఆయన జోకు వెయ్యలేదు. వేసి ఉంటే నేను నవ్వేవాణ్ణి కాదు. సరే, కొంచెం నవ్వేవాణ్ణి.

కొత్తగా చేరేవాళ్లకు

ఎవరైనా గురి తప్పిందని వస్తే ముందు వాళ్లు ఏం చూశారో అడగండి. ఎన్నింటికి, ఎక్కడ నిలబడి, వెలుగు ఎటు ఉండగా. గుండ్లు చెదిరితే చెయ్యి చూడండి, గుంపుగా పక్కకు పోతే కన్ను, రేకు చూడండి. ఏ పెట్టె తూటాలో అడగండి. ఆకురాయి చివరన. అసలు ఆకురాయిని పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవిని గిలిగింతలు పెట్టినా నవ్వని మనిషికి ఇవ్వండి. తుపాకీ పరీక్షించేటప్పుడు అది తప్పిన వేళకే పరీక్షించండి, మీకు చల్లగా ఉండే వేళకు కాదు. నాకు ఈ చివరి ముక్క నేర్పింది ఆర్మరీ పుస్తకం కాదు, యాక్సిడెంట్ కేసులు రాసే ఒక ఎస్.ఐ.

రేకులన్నింటికీ తర్వాత పద్ధతిగా నల్లపూత వేయించాం. అయినా మా రేంజిలో చాయ్ గిన్నె అడుగు తోమకూడదనే రూలు నేను రిటైరయ్యేదాకా ఉంది. కాగితం మీద లేని రూలు కాబట్టి అందరూ పాటించేవారు.

ఆ ఫైరింగ్ అయిన వారానికి దేవదానం ఆర్మరీకి వచ్చాడు. భుజాన తువ్వాల, చేతిలో సంచెడు నిమ్మకాయలు. తుపాకీ పోబోయి దక్కిందని మాత్రం బిడ్డ చెప్పిందట. రివాల్వర్ ఆ రోజు శుభ్రం చేయడానికి మా దగ్గరే ఉంది. "జర చూస్తనయ్యా, దూరంకెల్లి" అన్నాడు. చాచా చక్రం తెరిచి, అరలు తడిమి, బల్ల మీద పెట్టాడు. ఎస్తేరు మేడం బాపు పక్కన నిలబడింది.

ఆయన చాలాసేపు చూశాడు. కళ్లు చెమ్మగిల్లుతాయనుకుని నేను పక్కకు చూశాను. ఆయన మాత్రం వంగి, కొసన నల్లగా ఉన్న రేకును పరీక్షగా చూసి, మొహం చిట్లించాడు.

"ఇదేంది బిడ్డా, గింత నల్లగున్నది? జర తోమరాదూ, మెరుస్తది" అంటూ భుజాన తువ్వాల తీశాడు.

"వద్దు!" ముగ్గురం ఒక్కసారే అరిచాం.

దేవదానం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏంది సారూ, గంత భయపడ్తరు? ఖాళీదే గదా?"

"ఖాళీదే పెద్దాయనా" అన్నాడు చాచా, ఆ చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించుతూ. "మా భయం తుపాకిని జూసి గాదు. నీ తువ్వాలను జూసి."